రెండు సీట్లు, గాలి లేకపోతే

మార్చి 2, ఆదివారం

మా ఆయన సొరచేపలు పట్టడానికి వెళతాడట.

ఈ ఒక్క వాక్యం రాసి మూసేద్దామనుకున్నాను. కడుపుబ్బరం తీరలేదు, ఇంకా రాస్తున్నాను. రోడ్డు మీద వాన నీళ్ళు చీలమండ దాటితే చెప్పులు చేత్తో పట్టుకుని పక్కవాళ్ళ మెట్లెక్కి నిలబడే మనిషి ఈయన. ఇప్పుడు సముద్రం కావాలట, అందులో సొరలు కావాలట. పెద్దవి కాదులే, చిన్నవి అని నాకు ధైర్యం కూడా చెప్పాడు. మూరెడు పొడవుంటాయట, ఒడ్డుకి దగ్గర్లోనే తిరుగుతాయట. గైడు ఒకడు బోటులో తీసుకెళ్ళి, గాలం చేతికిచ్చి, పట్టడం నేర్పి, ఫొటో తీసి, చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయిస్తాడట.

"వదిలేసేదానికి పట్టడం ఎందుకండీ?" అన్నాను.

"నీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు.

అర్థమయ్యేలా ఒక్క మాట ఆ నోట్లోంచి వచ్చి చాలా కాలమైంది. ఇన్నేళ్ళూ సిటీ బస్సు నడుపుతూ సొరకాయలు కోశాడు. ఆయాసం వస్తోందని బస్సు దింపి ఇంటికి పంపాక కాయలు అయిపోయినట్టున్నాయి, చేపల మీద పడ్డాడు. మాకు పిల్లలు లేరు కాబట్టి ఇంట్లో పసివాడి వేషం కూడా ఆయనే వేస్తాడు.

ఎదురుగా 'మీరు' అంటాను. ఇక్కడ మాత్రం అన్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. నా డైరీ, నా ఇష్టం.

మార్చి 3, సోమవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. కిందటిసారి చెప్పిందే చెప్పాడు. గుండెలో వాల్వు ఇరుకైపోయింది, మార్చాలి, ఇప్పటికే ఆలస్యమైంది, సంతకం పెడితే తేదీ ఇస్తాను. మా ఆయన కిందటిసారి "ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు, కర్టెన్ రంగు ఎంచుకోమన్నట్టు. ఈసారి కొత్త పాట.

"ముందు ఒక ప్రయాణం ఉంది డాక్టరుగారూ. అది అవగానే వచ్చి సంతకం పెట్టేస్తాను."

డాక్టరు ఏదో చావో పెళ్ళో అనుకున్నాడు కాబోలు, తలూపాడు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. సొరచేపల కోసం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బయటికొచ్చాక మొదలుపెట్టాడు. "వాల్వు అంటే ఏంటో నాకు చెప్తాడా? ఎన్ని ఇంజన్లు చూశాను!" ఇంజన్లు చూసింది మెకానిక్కు. ఈయన చూసింది అద్దంలో ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో.

మా కర్టెన్ల షాపు కింద, ఇల్లు పైన. సగం మెట్ల దగ్గర ఆగిపోయాడు. ఏంటని అడిగితే, "కరెంటు మీటరు చూస్తున్నాను" అన్నాడు. అక్కడ మీటరు ఉన్న మాట నిజమే. ఎక్కిన ప్రతిసారీ చూస్తాడు. కరెంటు వాళ్ళు కూడా దాన్ని అంత ప్రేమగా చూడరు.

మార్చి 5

బుకింగు అయింది. గైడుకి ఫోన్ చేసి, నాకూ వినపడాలని కాబోలు స్పీకరు పెట్టాడు.

"ఎంతమంది?" అన్నాడు గైడు.

"ఇద్దరం. నేనూ మా ఆవిడా."

నేను వస్తున్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

గైడు సీటు ఇవ్వడానికి ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఈత వచ్చా? "లైఫ్ జాకెట్టు ఇస్తారుగా!" బోటెక్కితే వాంతులవుతాయా? "నేను బస్సు డ్రైవర్నండీ" అన్నాడు మా ఆయన, అదేదో జవాబైనట్టు. గుండె జబ్బు గానీ ఆయాసం గానీ ఉన్నాయా?

మా ఆయన నా వైపు చూశాడు.

"అబ్బే, లేదండీ."

నేను కత్తెరకి నూనె వేస్తున్నాను. రెండు రోజులుగా బిగుసుకుపోయింది, దాని సంగతి చూడాలి కదా. నన్నెవరూ అడగలేదు.

"రెండు సీట్లు రాసుకున్నాను, ఆదివారానికి. గాలి లేకపోతే" అన్నాడు గైడు.

గాలి లేకపోతేనట! గాలి లేని సముద్రం ఎక్కడుందో ఈ సొరగురువుకే తెలియాలి. ఆ పేరు నేనే పెట్టాను. వదిన నవ్వింది. వదినంటే ఆయన అక్క. షాపులో సగం భాగస్తురాలు, నా నెత్తిన పూర్తి భాగస్తురాలు.

మార్చి 9, ఆదివారం

గాలి.

మార్చి 10

నిన్న పొద్దున్నే తయారై, టోపీ పెట్టుకుని కూర్చున్నాక ఫోనొచ్చింది. మళ్ళీ ఆదివారం చూద్దాం అన్నాడట సొరగురువు. నేను అనవలసిన నాలుగూ అన్నాను. మా ఆయన టోపీ తీయకుండానే విన్నాడు.

ఈ రోజు చీపురుకర్రకి తాడు కట్టి, రెండో చివర నీళ్ళ బకెట్టు కట్టి, హాల్లో లాగడం సాధన చేశాడు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత ఈయన్ని చూసే పుట్టుంటుంది. బకెట్టు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆయన కూడా ఆగాడు. గోడ పట్టుకుని, గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. టైమెంతయిందని నేను అడగలేదు. బకెట్టు తీసుకెళ్ళి స్నానాల గదిలో పెట్టాను.

మార్చి 12

వదిన ఈ రోజు అంచులు మడుస్తూ చెప్పింది.

"వాడి రూట్లో చివరి స్టాపు సముద్రం పక్కనే కదా. బస్సు తిప్పుకుంటూ రోజూ చూసేవాడట, ఆ గాలాలు వేసేవాళ్ళని. చిన్న సొరని చేతుల్లో పెట్టుకుని, నవ్వి, నీళ్ళలో వదిలేసేవాళ్ళట. ఎప్పటికైనా దిగి చూడాలనుకునేవాడట. ఒక్కసారీ దిగలేదు."

"దిగాల్సింది. ఎవరొద్దన్నారు?"

"టైముకి బస్సు తీయాలి కదా మరదలా."

నాకు ఒక్కరోజూ చెప్పలేదు. అక్కకి చెప్పాడు. చెప్పుకోనీ, నాకేం. రోజూ నాతో చెప్పినవన్నీ ఎవరు టిక్కెట్టు లేకుండా దొరికారు, ఎవరు తప్పుగా ఓవర్‌టేక్ చేశారు, ఇవే. సముద్రం సంగతి అక్కకి.

నాకేం.

మార్చి 16, ఆదివారం

గాలి. మా వీధిలో ఆకు కదలడం లేదు. సముద్రం మీద మాత్రం ఉందట. సొరగురువుకి ఆదివారం నిద్రపోవాలని ఉంటే అలా చెప్పొచ్చు, మేమేమీ అనుకోం.

"అయితే డాక్టరు దగ్గరికి ముందే వెళ్దాం" అన్నాను.

"మాటంటే మాటే. వెళ్ళొచ్చాకే" అన్నాడు. ఏ మాట? ఎవరికిచ్చాడు? సొరలకా?

మార్చి 17

ఆసుపత్రి నుంచి ఫోను. నేనే ఎత్తాను. ఇలా జాప్యం చేస్తే బాధ్యత మాది కాదమ్మా అంది ఆ అమ్మాయి. సరేనన్నాను. మరి ఎవరిది?

ఈ రోజు మీటరు దగ్గర రెండుసార్లు ఆగాడు, ఎక్కేటప్పుడు, మళ్ళీ అక్కడే. అంటే ఆగి, ఒక మెట్టెక్కి, మళ్ళీ వెనక్కి దిగి ఆగాడు. నేను పైనుంచి చూశాను. చూసినట్టు తెలియనివ్వలేదు.

మార్చి 18

మఖమల్ పాడు చేశాను.

హోటలు వాళ్ళ ముదురాకుపచ్చ మఖమల్. మఖమల్‌కి నూగు ఉంటుంది. ఒక వైపు నిమిరితే నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే గరుకు. జత తెరల్లో రెండు ముక్కలకీ నూగు ఒకే వైపు ఉండాలి, లేకపోతే పక్కపక్కన వేలాడదీశాక ఒకటి ముదురుగా, ఒకటి వెలిసిపోయినట్టుగా కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేర్పే పాఠం ఇది. నేర్పేది నేనే. ఈ రోజు ఒక ముక్క తలకిందులుగా కోశాను. కోసి, అంచు కూడా కుట్టాను.

వదిన రెండూ కడ్డీకి తగిలించి, దూరంగా నిలబడి చూసింది.

"ఇది నువ్వే కోశావా?"

"కాదు, దయ్యం కోసింది."

"మఖమల్ ఎప్పుడైనా తప్పు కోశావా నువ్వు? ఏమైంది నీకు?"

"మీ తమ్ముడు చచ్చిపోతాడు. అదీ అయింది" అన్నాను.

అలా అంటానని నేననుకోలేదు. నవ్వుతూ అనబోయాను, అలా రాలేదు. వదిన కుట్టుమిషను ముందు కూలబడింది. తర్వాత ఆవిడే లేచి అంచు విప్పడం మొదలుపెట్టింది.

మార్చి 19

సొరగురువుకి నేనే ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. వాల్వు, ఆయాసం, సంతకం, బకెట్టు, అన్నీ.

"బోటెక్కించను" అన్నాడు వెంటనే. "నడిసముద్రంలో ఏమైనా అయితే నేనేం చేయగలనమ్మా? ముందే ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు" అన్నాను. అని, ఎంత సిగ్గులేని మాటో అప్పుడు తెలిసింది. గొంతు తగ్గించి అడిగాను. "ఆయన మీ సొరల్ని చూస్తే గానీ ఆసుపత్రిలో సంతకం పెట్టడు. వేరే దారి ఏమైనా ఉందా?"

ఒడ్డు నుంచి కూడా వేయొచ్చట. పోటు ఎక్కే వేళకి చిన్న సొరలు ఇసుక దాకా వస్తాయట. కుర్చీ వేసి కూర్చోబెట్టి, తేలిక గాలం ఇస్తానన్నాడు. చివరి స్టాపు పక్కనే.

"ఆదివారం సాయంత్రం రండి. గాలి లేకపోతే."

ఈసారి నవ్వు రాలేదు.

మార్చి 20

మా ఆయనతో బోటు చెడిపోయిందని చెప్పాను. ఒడ్డు నుంచే అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఏం చెడింది?"

"ఏదో పంపట."

పంపు అనడమే ఆలస్యం, బస్సు డ్రైవరు లేచి కూర్చున్నాడు. "పంపా? పంపు పోతే వెంటనే మార్చించాలి. ఇవాళ రేపు అని నానిస్తే ఇంజను మొత్తం పట్టేస్తుంది. ఈ బుద్ధి లేనివాళ్ళు నడిచినంత కాలం నడిపిస్తారు, చివరికి..."

చివరికి ఏమవుతుందో చెప్పలేదు. అన్నం కంచంలో వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. నేను మంచినీళ్ళు తేవడానికని లేచాను. గ్లాసు నిండుగానే ఉంది.

మార్చి 23, ఆదివారం

గాలి లేదు.

ఆయన పాత రూటు బస్సులోనే వెళ్ళాం. డ్రైవరు కొత్తవాడు. మా ఆయనేమో నా పక్కన కూర్చుని దారంతా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. చివరి స్టాపులో అందరూ దిగాక దిగాడు. దిగి, ఇసుక మొదలయ్యే చోట ఒక నిమిషం నిలబడ్డాడు. వెనక బస్సు తిరుగుతున్న చప్పుడు విని తల తిప్పబోయి, తిప్పలేదు.

సొరగురువు పొట్టి మనిషి. మాట మనతో, చూపు నీళ్ళతో. పక్కన ఒక డబ్బాలో ఎర ముక్కలు, దాని కంపుకి నా ముక్కు ఇంకా శుభ్రం కాలేదు. మా ఆయన వెళ్ళగానే మొదటి ప్రశ్న వేశాడు.

"బోటు పంపు ఎంతవరకు వచ్చింది?"

"పంపా? బోటు బ్రహ్మాండంగా ఉందే!" అన్నాడు ఆ సత్యసంధుడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను ఆ మనిషికి ముందే చెప్పి ఉండాల్సింది. మా ఆయన నా వైపు చూశాడు. కుర్చీలో కూర్చుని గాలం అందుకున్నాడు.

తర్వాత ఏముంది, కూర్చోవడమే. జీతం లేకుండా ఇంతసేపు నీళ్ళ వైపు చూసే పని మనుషులు కోరి చేస్తారని నాకు తెలియదు. ఇవి పిల్ల సొరలా అని అడిగాను. కాదమ్మా, పెద్దవే, వీటి జాతే అంత, ఎంత వయసొచ్చినా ఇంతే ఉంటాయి అన్నాడు. అలాంటివాళ్ళని నేను ఒడ్డు మీద చాలామందిని చూశానని చెప్పాను.

ఎండ దిగుతుండగా గాలం కొస వంగింది. మా ఆయన లాగడం మొదలుపెట్టాడు. సొరగురువు పక్కన నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అంటున్నాడు. నాలుగు చుట్లు చుట్టాడో లేదో చెయ్యి ఆగిపోయింది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. పెదాలు రంగు మారాయి. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇసుక, నీళ్ళు, ఆకాశం. మీటరు లేదు. గడియారం లేదు. చూడ్డానికి ఏమీ దొరకక చివరికి నా వైపు చూశాడు.

"పట్టుకోవే" అన్నాడు. "ఆయాసంగా ఉంది."

ఇన్నాళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. నాకు భయమేసింది. అయినా గాలం అందుకుని, తిట్టుకుంటూ చుట్టాను. ఎవర్ని తిట్టానో గుర్తులేదు, అందర్నీ తిట్టి ఉంటాను.

చేప ఒడ్డుకొచ్చింది. గోధుమ రంగు ఒళ్ళు, నల్లటి చుక్కలు, పిల్లి కళ్ళు. దీనికా ఇంత హడావుడి! సొరగురువు గాలపు ముల్లు తీసి, "తలా తోకా ఒకచోట చేర్చి పట్టుకోండమ్మా" అన్నాడు. తానులకొద్దీ బట్టకి పాఠాలు చెప్పేదాన్ని, నాకు చెప్తాడా అని నడుం దగ్గర పట్టుకుని ఎత్తాను. అంతే, తోక నా ముంజేతికి చుట్టేసి బిగించింది. గరుకు కాగితంతో తోమినట్టు చర్మం లేచిపోయింది. సొరగురువు విప్పి, మళ్ళీ చేతిలో సరిగ్గా పెట్టాడు. అప్పుడు బొటనవేలు దాని వీపు మీద జరిగింది. తల నుంచి తోక వైపు నున్నగా. ఎదురు జరిపితే గరుకు.

"ఏమండీ, దీనికి నూగుంది" అన్నాను.

కుర్చీలోంచి చెయ్యి చాచాడు. "ఇటు నిమరండి, ఎదురు కాదు" అన్నాను. నిమిరాడు. తర్వాత కావాలనే ఎదురు కూడా నిమిరాడు. ఆ మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది.

"దీని కోసమా ఇన్నాళ్ళూ?"

"బస్సులోంచి పెద్దగా కనపడేది" అన్నాడు.

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. సొరగురువు మోచెయ్యి పట్టుకుంటే లేచి, నీళ్ళలో చీలమండ దాటి, ఇంకొంచెం దాటి, వంగి చేపని వదిలాడు. చెప్పులు చేత్తో పట్టుకోలేదు. తడిసిపోయాయి. ఫొటో తీయడం అందరం మరిచిపోయాం.

తిరుగు బస్సులో చివరి స్టాపు దాటాక అడిగాడు.

"మత్తిచ్చాక లేవకపోతే?"

అదీ సంగతి. సొరలూ లేవు, సముద్రమూ లేదు, ఇన్నాళ్ళూ ఆ రెండు మాటలు నాకు చెప్పలేక.

"లేవకపోతే నేనూరుకుంటానా?" అన్నాను.

"ఊరుకోవులే" అన్నాడు. ఈసారి బ్రేకు తొక్కలేదు.

మార్చి 24

సంతకం పెట్టాడు. పేరు మొత్తం రాయడానికి చోటు సరిపోక పక్క గడిలోకి పోయాడు. ఓవర్‌టేకింగు.

ఏప్రిల్ 3

పొద్దున లోపలికి తీసుకెళ్ళారు. స్ట్రెచరు తోసేవాడికి "మలుపు దగ్గర స్లో చెయ్యి నాయనా" అని చెప్పాడు. అదే నేను విన్న ఆఖరు మాట. ఆఖరు అని రాయకూడదు. ఇప్పటిదాకా విన్న మాట.

వదిన పక్కన కళ్ళు మూసుకుని కూర్చుంది, నిద్ర కాదు. నా ముంజేతి మీద సొర గీరినచోట పక్కు కట్టింది, గోకొద్దని ఇందాకటి నుంచి నాలుగుసార్లు అంది. పెద్ద డాక్టరులా.

సొరగురువుకి ఫోన్ చేశాను. ఈ కుర్చీలు గట్టిగా ఉన్నాయి, కూర్చోలేక లేచి చేశాను. వేరే కారణం లేదు.

"బోటు కావాలి. రెండు సీట్లు. రెండు నెలలు పోయాక ఏ ఆదివారమైనా" అన్నాను.

గొంతు గుర్తుపట్టలేదు. చిలక పలుకులు మొదలుపెట్టాడు. ఈత వచ్చా? ఇద్దరికీ రాదన్నాను. వాంతులవుతాయా? ఎక్కాక చూద్దామన్నాను. గుండె జబ్బు?

"ఉండేది. మరమ్మతు చేయించాం."

అప్పుడు గుర్తుపట్టాడు. "మీరా అమ్మా! ఆపరేషను ఎప్పుడయింది?"

తలుపు పైన ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

"అవుతోంది" అన్నాను.

అటువైపు నుంచి చాలాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. తర్వాత "రెండు సీట్లు రాసుకున్నానమ్మా" అన్నాడు, ఎంతో మెత్తగా.

నేను ఆగాను. ఎప్పుడూ తగిలించే మాట అటునుంచి రాలేదు. నాకు ఒళ్ళు మండింది.

"గాలి లేకపోతే అనలేదేం?" అన్నాను.

"గాలి లేకపోతే" అన్నాడు.

"ఆఁ, అలా చెప్పండి" అని ఫోన్ పెట్టేసి, వచ్చి వదిన పక్కన కూర్చున్నాను.